వంశవృత్తాంత సేకరణమున వీడియో కాల్ ఉపయోగము

మన పాఠశాలలోని యే తరగతికైనను పోయి "మీ తాతగారి పేరేమి?" అని యడిగినచో చేతులన్నియు పైకి లేచును. "తాతగారి తండ్రి పేరేమి?" అనినచో సగము చేతులు దిగును. "అమ్మమ్మగారి తల్లి పేరేమి? ఆమె పుట్టినిల్లు ఏ యూరు?" అనినచో ఒకటి రెండు చేతులైనను నిలుచునో లేదో సందేహము. ఇది పిల్లల దోషము కాదు. చెప్పగలవారును అడుగదగినవారును ఒకచోట నుండకపోవుటయే దీనికి ముఖ్యకారణము.

పూర్వము కుటుంబములోని మూడు తరములవారు ఒకే యూరిలో, తరచుగా ఒకే కప్పు క్రింద జీవించుచుండిరి. సాయంకాలమున అరుగుమీద కూర్చున్న తాతగారు చెప్పు మాటలు పిల్లల చెవిని పడుచుండెను. సంపన్న కుటుంబములకు వంశములను కీర్తించు భట్రాజులును, గోత్రములను వల్లించు పిచ్చుకుంట్లవారును ఉండిరి. అయితే వారు తమ్ము పోషించినవారి వంశములనే చెప్పిరి గాని, కూలినాలి చేసికొని బ్రదికినవారి వంశమును చెప్పినవా రెవ్వరును లేరు. అట్టి కుటుంబములకు పెద్దల జ్ఞాపకమే గ్రంథము. ఆ పెద్ద గతించిననాడు గ్రంథమును గతించును.

నేడు కుటుంబములు చెదరియున్నవి. నాయనమ్మగారు పల్లెలో నుందురు. ఆమె పెండ్లినాటి ఫోటో హైదరాబాదులోని పెదనాన్నగారి పెట్టెలో నుండును. దానిని గురించి తెలిసికొనగోరు మనుమరాలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చదువుకొనుచుండును. చెప్పగలవారొకచోట, చూపదగిన వస్తువొకచోట, అడుగువారొకచోట. ఈ మూటిని ఒక అరగంటసేపు ఒకచోట చేర్చుటయే వీడియో కాల్ వలన కలుగు గొప్ప ప్రయోజనమని మా యభిప్రాయము. ముఖములు చూచుకొని కుశలమడుగుట మంచిదే. కాని ఒకే పటమును, ఒకే కాగితమును దూరదూరముల నున్న బంధువులు కలసి చూచి, గుర్తించి, దానిని వ్రాసి పెట్టుకొనుట అంతకంటె మేలైన పని. ఆ పని చేయు విధమును ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఈ సాధనము పుట్టుక

దూరముననున్న మనుష్యుని ముఖము చూచుచు మాటలాడవలయునను కోరిక క్రొత్తది కాదు. 1927 ఏప్రిల్ 7వ తేదీన అమెరికాలో బెల్ టెలిఫోను శాస్త్రజ్ఞులు వాషింగ్టన్ నగరమున కూర్చున్న హెర్బర్ట్ హూవరుగారి ముఖమును న్యూయార్కులోని వారికి చూపిరి. హూవరుగారు అప్పుడు వాణిజ్యశాఖకు మంత్రి. తరువాత ఆ దేశాధ్యక్షులైరి. ఆనాడు న్యూయార్కువారి ముఖములు మాత్రము ఆయనకు కనబడలేదు. 1936లో జర్మనీ దేశమువారు బెర్లిను, లీప్‌జిగ్ నగరములలో ప్రత్యేకమైన గదుల నేర్పరచి, ఇరుపక్షములవారును ఒకరినొకరు చూచుచు మాటలాడునట్లు చేసిరి. యుద్ధకాలమున ఆ యేర్పాటు నిలిచిపోయెను. 1970లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున 'పిక్చర్‌ఫోన్' అను యంత్రమును నెలకు 160 డాలర్ల అద్దెకిచ్చిరి. అంతటి ధనము వెచ్చించి తెచ్చుకొనినను, ఎదుటివారి యింట అట్టి యంత్రమే లేనిచో చూచుట కెవరును లేరు. కావున నది వ్యాపింపలేదు.

ఇంటర్నెట్ వచ్చిన తరువాత ఈ చిక్కు తీరెను. 2003లో ప్రారంభమైన స్కైప్ విదేశముల నున్నవారికిని ఇంటివారికిని చాలకాలము వంతెనయై, 2025 మే నెలలో మూతపడెను. మన దేశమున 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తరువాత డేటా వెల మిగుల తగ్గెను. ఆ సంవత్సరము నవంబరులోనే వాట్సాప్‌లో వీడియో కాల్ ప్రవేశపెట్టబడెను. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన దేశమంతయు ఇండ్లలో నిలిచిపోయినపుడు పాఠములు, ప్రార్థనకూటములు, పెండ్లిండ్లు, కడపటి పరామర్శలు సైతము ఈ తెరమీదనే జరిగెను. అంతకుముందు ఫోనును ముట్టుకొనుటకు సంకోచించిన వృద్ధులు కూడ నాడు దానికి అలవాటుపడిరి. ఆ యలవాటును మనము సద్వినియోగము చేసికొనవలయును.

పనిచేయు విధము

వీడియో కాల్ ఎట్లు పనిచేయునో కొంచెము తెలిసికొనినచో దానిని చక్కగా వాడుకొనవచ్చును. ఫోనులోని కెమెరా సెకనుకు ఇంచుమించు 30 చిత్రముల వరకు తీయును. ఆ చిత్రములన్నిటిని పూర్తిగా పంపవలసినచో ఏ దారియు చాలదు. కావున ఒక చిత్రమును పూర్తిగా పంపి, తరువాతి చిత్రములలో మారిన భాగములను మాత్రమే పంపుదురు. మాటలాడువాని పెదవులు కదలును. వెనుకనున్న గోడ కదలదు. గోడను మరల మరల పంప నక్కరలేదు.

దీనివలన మనకు తెలియవలసిన దేమనగా, వెనుక తిరుగు పంకా, గాలికి ఊగు తెర, వచ్చుచు పోవుచుండు మనుష్యులు – ఇవియన్నియు చిత్రమునకు భారము కలిగించును. తాతగారిని నిశ్చలమైన గోడ ముందు కూర్చుండబెట్టినచో ఆయన ముఖము స్పష్టముగా కనబడును. వెలుతురు ఆయన ముఖముమీద పడవలయునే గాని వీపువెనుకనుండి రాకూడదు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నవారు తెరమీద నల్లని నీడగా కనబడుదురు. ఫోనును చేతబట్టుకొనక, పుస్తకముల దొంతికి ఆనించి నిలుపుట మేలు.

మాటలును చిన్నచిన్న ముక్కలుగా విభజింపబడి ప్రయాణము చేసి, ఆవలి యొడ్డున మరల కూర్పబడును. ఈ ప్రయాణమునకు కొంత కాలము పట్టును. ఒకవైపు ప్రయాణమునకు సెకనులో వేయింట 150 వంతులు మించకున్నచో సంభాషణ సాఫీగా నుండునని అంతర్జాతీయ సంస్థవారు నిర్ణయించిరి. అంతకు మించినచో ఒకరి మాటమీద మరియొకరు మాటలాడుట తటస్థించును. పెద్దలు మాట నిలిపిన వెంటనే మరియొక ప్రశ్న వేయక, మనసులో మూడంకెలు లెక్కించుకొని యడుగుట మంచిది. ఈ విరామము యంత్రమునకే గాక జ్ఞాపకమునకు కూడ ఉపకరించును. మరచిన పేరు తరచుగా ఆ నిశ్శబ్దముననే పైకి వచ్చును.

సిగ్నలు చాలనిచో చిత్రమును ఆపివేసి స్వరమును నిలుపుకొనవలయును. స్వరము తెగిపోయి చిత్రము మిగిలినను వంశచరిత్రకు లాభము లేదు. వినికిడి తగ్గిన వృద్ధులకు మాత్రము ఎదుటివారి పెదవుల కదలిక కనబడుట గొప్ప సహాయము. అట్టివారితో మాటలాడునపుడు మన ముఖమును వెలుతురులో నుంచుకొని, నెమ్మదిగా పలుకవలయును.

ముందుగా చేయవలసిన పనులు

మొదటి సంభాషణమున పదిమందిని కూర్చరాదు. వాట్సాప్‌లో 32 మంది వరకు ఒక కాల్‌లో చేరవచ్చునన్న మాట నిజమే. అయినను పదిమంది యెదుట పెద్దలు అందరికిని నచ్చు మాటలే చెప్పుదురు. ఒక వృద్ధుడు, ఒక ప్రశ్నించువాడు, వృద్ధుని ప్రక్కన ఫోను పట్టుకొను చిన్నవాడొకడు – ఈ మువ్వురు చాలుదురు. ప్రక్కన కూర్చుండు పని మన విద్యార్థులకు తగినది. విదేశమునుండి అత్తగారు ప్రశ్నలడుగగా, ఇచ్చట నున్న బాలుడు నాయనమ్మగారి చెవిలో ఆ ప్రశ్నను బిగ్గరగా చెప్పి, పటములను కెమెరా ముందు పట్టుకొని, పేర్లను కాగితముమీద వ్రాసికొనవచ్చును.

కాలభేదమును గమనింపవలయును. మనకు మధ్యాహ్నము రెండున్నర గంటలైనపుడు మారిషస్‌లో ఒంటిగంట, దక్షిణాఫ్రికాలో ఉదయము 11 గంటలు, మలేషియాలో సాయంకాలము 5 గంటలు, ఫిజీలో రాత్రి 9 గంటలు. న్యూయార్కులో వేసవియందు తెల్లవారుజాము 5 గంటలు, శీతకాలమున 4 గంటలు. విదేశమున నున్నవారి తీరిక చూచుకొని వృద్ధులను అర్ధరాత్రి మేల్కొలుపుట తగదు. వృద్ధులకు ఉదయమున ఫలాహారమైన పిమ్మట మనస్సు తేటగా నుండును. ఆ వేళకే తక్కినవారు తమ వేళను సరిపెట్టుకొనవలయును. జూమ్‌లో రుసుము లేని కూటము 40 నిమిషములతో ముగియును. వృద్ధుల యోపికకు అంతకాలము చాలును. ఒకేమారు మూడుగంటలు ప్రశ్నించుటకంటె వారమున కొకమారు అరగంట మాటలాడుట ఫలప్రదము. నేటి ప్రశ్న మనస్సున నాని, వచ్చు వారమునకు సమాధానము సిద్ధమగును.

ఫోటోలను కాల్ జరుగుచుండగా మొదటిసారి చూపక, ముందురోజుననే పంపవలయును. కాల్‌లో కనబడు చిత్రము పలుచబడి వచ్చును. చిన్న ముఖములు గుర్తుపట్టుట కష్టము. వాట్సాప్‌లో ఫోటోగా గాక డాక్యుమెంటుగా పంపినచో అసలు స్పష్టత నిలుచును. ఫోటో వెనుకవైపును కూడ తీసి పంపుట మరువరాదు. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్సిలుతో వ్రాసిన పేరు అచ్చటనే యుండును. గుంపు ఫోటో యైనచో ప్రతి ముఖమునకు ఒక అంకె వేసి పంపినయెడల "మూడవ అంకె యెవరు?" అని యడుగుట తేలిక.

ప్రశ్నించు విధము

"మన వంశచరిత్ర చెప్పండి" అని యడిగినచో ఏ పెద్దయు చెప్పజాలరు. "నాయనమ్మా, నీ పెండ్లినాటికి ఈ యిల్లు ఉన్నదా? పెండ్లికి ఎవరి బండిలో వచ్చితివి? నీ ప్రక్కన నిలిచిన యీ చిన్నది యెవరు?" అని యడిగినచో మాట వెంబడి మాట వచ్చును. వస్తువును ముందుంచి యడిగిన ప్రశ్నకు జ్ఞాపకము త్వరగా లొంగును. పెండ్లినాటి గిన్నె, పాత బైబిలు మొదటి పుటలోని పుట్టుక తేదీలు, భూమి పత్రము, రేషను కార్డు, పాఠశాల సర్టిఫికేటు – ఇవియన్నియు ప్రశ్నలే.

వెనుకటి తరమువారిలో అనేకులకు పుట్టిన సంవత్సరము తెలియదు. పాఠశాలలో చేర్చునపుడు వేసిన తేదీ ఉజ్జాయింపుగా వేసినదై యుండవచ్చును. అట్టిచో అందరెరిగిన సంఘటనలను కొలతగా తీసికొనవలయును. విశాఖపట్టణము, కాకినాడలమీద జపానువారు బాంబులు వేసినది 1942 ఏప్రిల్ 6. హైదరాబాదు సంస్థానమున పోలీసు చర్య జరిగినది 1948 సెప్టెంబరు. గోదావరికి పెద్దవరద వచ్చినది 1953 ఆగస్టు. ఆంధ్రరాష్ట్ర మేర్పడినది ఆ సంవత్సరము అక్టోబరు 1. దివిసీమను ఉప్పెన ముంచినది 1977 నవంబరు 19. "ఉప్పెననాటికి మీకు బిడ్డలు పుట్టిరా? పెద్దవాడు నడచుచుండెనా?" అని యడిగినచో సంవత్సరము దానియంతట తేలును.

బంధుత్వమును తెలుగు మాటలతోనే యడుగవలయును. విదేశమున పెరిగిన పిల్లలు 'అంకుల్' అను ఒక్క మాటలో పెదనాన్నను, చిన్నాన్నను, మేనమామను, అత్త భర్తను ఇమిడ్చివేయుదురు. మన మాటలు తండ్రివైపును తల్లివైపును చాలవరకు వేరుపరచును. అయినను అక్కడ కూడ జాగ్రత్త అవసరము. పెదనాన్న యనిన తండ్రికి అన్నయు కావచ్చును, తల్లికి అక్క భర్తయు కావచ్చును. కావున "నాన్నగారి తోడబుట్టినవారా, పెద్దమ్మగారి భర్తయా?" అని మరియొక ప్రశ్న వేయవలయును.

స్త్రీల పుట్టింటిపేరును తప్పక యడుగవలయును. పెండ్లితో ఇంటిపేరు మారుట వలన, రెండు తరములు గడచునప్పటికి ఆమె పుట్టినింటివారితో సంబంధము తెలియకుండ పోవును. తెలుగువారి ఇంటిపేర్లలో ఊరిపేరునుండి వచ్చినవి అనేకములు గలవు. కావున ఒక్క ఇంటిపేరు దొరికినచో ఒక యూరి దారియు దొరకవచ్చును. మేనరికములు చేసికొనిన కుటుంబములలో ఒకే వ్యక్తి రెండు విధముల బంధువగును. తలిదండ్రులు మేనత్త మేనమామ బిడ్డలైనచో, వారి సంతానమునకు ముత్తాతలు ముత్తవ్వలు ఎనమండ్రుగాక ఆరుగురే యుందురు. వంశవృక్షమును మొదటిసారి గీయువారు దీనిని చూచి పొరపాటని తలంచి కొట్టివేయరాదు.

వ్రాసి పదిలపరచుట

కాల్ ముగిసిన పిమ్మట వ్రాయనిదంతయు గాలిలో కలసిపోవును. వాట్సాప్ వీడియో కాల్‌ను పదిలపరచు సౌకర్యము దానిలో లేదు. రెండవ ఫోనును ప్రక్కన నుంచి స్వరమును రికార్డు చేయుట సులభమైన యుపాయము. అయితే ముందుగా పెద్దల యనుమతి పొందవలయును. అనుమతిని కూడ రికార్డులోనే యడిగించుట మర్యాద. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ మొదట పలికి యుంచినచో ఇరువదియేండ్ల తరువాత వినువారికి సందేహముండదు. ఆ దినముననే ముఖ్యాంశములను కాగితముమీద వ్రాసి, ఒక ప్రతిని చెప్పినవారికి, ఒక ప్రతిని మరియొక యింటికి పంపవలయును.

పెద్దలు కన్నది వేరు, విన్నది వేరు. "నేను చూచితిని" అనినదానిని, "మా అమ్మ చెప్పుచుండెడిది" అనినదానిని వేరువేరుగా గుర్తించి వ్రాయవలయును. ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పినచో రెండును వ్రాయవలయునే గాని ఒకరిని తప్పుపట్టరాదు. తరువాత పాఠశాల రిజిస్టరు, భూమి పత్రము, దేవాలయ పుస్తకము, సమాధి రాయి మొదలగువానితో సరిచూచుకొనవచ్చును. బాప్తిస్మమునాడు క్రొత్త పేరు పెట్టుకొనినవారు మన కుటుంబములలో గలరు. భూమి పత్రమున పాతపేరు, సంఘపు రిజిస్టరున క్రొత్తపేరు ఉండగా, ఇద్దరు మనుష్యులని భ్రమపడుట సులభము. ఆ రెండు పేర్లును ఒక్కరివేనని చెప్పగలవారు బ్రదికియున్న పెద్దలే.

సముద్రమునకు ఆవలి బంధువులు

ఈ సాధనము మిక్కిలి యవసరమైనది సముద్రము దాటిపోయిన తెలుగువారి సంతతికి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి బయలుదేరిన కూలీలతో దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. 1911 వరకు నటాలు సీమకు 1,52,000కు పైగా భారతీయులు చెరకుతోటల పనికిని ఇతర పనులకును ఒప్పందముమీద పోయిరి. వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి పోయినవారు. వారియందు తెలుగువా రనేకులు. మారిషస్‌కు 1834నుండియు, ఫిజీకి 1879నుండియు కూలీలు పోయిరి. మద్రాసునుండి ఫిజీకి ఓడలు 1903లో ప్రారంభమైనవి. బర్మాకు పోయిన తెలుగువారిలో వేలకొలది 1942లో జపాను దాడికి భయపడి, ఉన్నది వదలి, కాలినడకను అడవులు దాటి తిరిగివచ్చిరి. వారిలో అనేకులకు కాగితమన్నది మిగులలేదు, మిగిలినది జ్ఞాపకమే.

మిషను పాఠశాలవారమైన మనకు ఈ చరిత్రతో సంబంధము కలదు. 1903లో నెల్లూరినుండి రెవరెండ్ జాన్ రంగయ్యగారిని తెలుగు బాప్టిస్టువారి స్వదేశ మిషను సంఘము నటాలునకు పంపెను. అచ్చటి తేయాకు, చెరకు తోటలలో పనిచేయు తెలుగువారి మధ్య ఆయన సంఘములు స్థాపించి, 1915లో మరణించువరకు సేవచేసెను. ఆ సంఘములలోని కుటుంబములకును ఇచ్చటి కుటుంబములకును రక్తసంబంధము కలదు. కాని నాలుగైదు తరములు గడచినవి. అచ్చటివారి పిల్లలు నేడు ఇంగ్లీషు మాటలాడుదురు, తెలుగు చదువజాలరు.

అట్టివారి చేతిలో నుండు ఆధారము ఓడ జాబితాలోని ఒక పంక్తి. దానియందు పనివాని సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడియుండును. మారిషస్‌కు పోయినవారి పత్రములును, వారిలో అనేకుల ఫోటోలును మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూటున భద్రపరుపబడినవి. ఇంటిపేరు సాధారణముగా వ్రాయబడలేదు. ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినబడినట్లు గ్రామమును వ్రాసెను. ఇంగ్లీషు లిపిలో తడ, తాడ, టాడ అను మూడును ఒకే రీతిగా నుండును. ఆ పంక్తిని తెరమీద చూపి, తెలుగు తెలిసినవారిచేత చదివించుకొనుటకు వీడియో కాల్ కంటె మేలైన మార్గము లేదు. గ్రామము పేరును మనము రెండు మూడు విధముల పలుకగా, ఆవలినున్న వృద్ధురాలు "మా అవ్వ ఇట్లే పలికెడిది" అని గుర్తింపవచ్చును. కాగితము చెప్పలేనిదానిని చెవి చెప్పును.

జిల్లాల చరిత్ర తెలిసిన విద్యార్థి వీరికి గొప్ప సహాయము చేయగలడు. జాబితాలో ఉత్తర ఆర్కాటు అని యుండగా తమిళదేశముననే వెదకి విసిగినవారు గలరు. చిత్తూరు ప్రాంతము 1911 వరకు ఆ జిల్లాలోనిదే. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో నుండెను. వైజాగపటం జిల్లా యనినచో నేటి శ్రీకాకుళము, విజయనగరములలోని గ్రామములు కూడ దానియందు చేరియుండెను. శ్రీకాకుళము 1950లోను, విజయనగరము 1979లోను వేరైనవి. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు మరల విభజింపబడినవి. పేర్లును దారి చూపును. దక్షిణాఫ్రికాలో ఒక కుటుంబము ఇంటిపేరుగా వాడుకొను మాట అప్పలసామి యైనచో, అది యిచ్చటివారికి అప్పలస్వామిగా వినబడి, సింహాచలపు అప్పన్న వెలసిన ఉత్తరాంధ్ర ప్రాంతము స్ఫురించును. అది నిర్ణయము కాదు. వెదకుటకు మొదటి గుర్తు మాత్రమే. కొత్తపల్లి, రామాపురము వంటి పేర్లు ప్రతి జిల్లాలోను గలవు గనుక, తాలూకా సరిపడనిదే ఊరు దొరికినదని సంతోషింపరాదు.

అభిలాషుల కూటములు

వంశచరిత్రయందు ఆసక్తి గలవారు తమ ఊరిలో ఒంటరివారై యుందురు. తెరమీద వారికి సహవాసము దొరకును. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఏటేట జరుగు రూట్స్‌టెక్ అను వంశచరిత్ర సభ 2021లో పూర్తిగా ఇంటర్నెట్ మూలముననే జరుగగా, పది లక్షలకు పైగా జనులు పాల్గొనిరి. మనకు అంతటి సభ అక్కరలేదు. నలుగురైదుగురు నెలకొకమారు కూడి, ఒక్కొక్కరు ఒక్కొక్క కాగితమును తెరమీద చూపి, "ఈ యక్షర మేమి? ఈ మాట కర్థమేమి?" అని యడిగినను చాలును. ఒకరికి పాత చేవ్రాత చదువుట వచ్చును. ఒకరికి భూమి పత్రముల భాష తెలియును. ఒకరికి ఉర్దూ వచ్చును గనుక నిజాము కాలపు కాగితము చదువగలరు. జూమ్, గూగుల్ మీట్‌లలో తన తెరను అందరికి చూపు సౌకర్యము కలదు. కూటమునకు ఒక అధ్యక్షుడు, ఒక వ్రాయసకాడు ఉండుటయు, మాటలాడనివారు తమ మైకును మూసి యుంచుటయు మేలు.

కొన్ని హెచ్చరికలు

వంశవృత్తాంతమున సంతోషము మాత్రమే యుండదు. దత్తతలు, విడిపోయిన కాపురములు, భూమి తగవులు, కులము పేరిట పడిన యవమానములు, కరవున విడిచిపెట్టబడిన బిడ్డలు ఉందురు. పదిమంది వినుచుండగా ఇట్టివి యడుగరాదు. పెద్దలు ముఖము త్రిప్పుకొనినచో, ఆ ముఖము తెరమీద కనబడుట ఒక యుపకారమని గ్రహించి, ప్రశ్నను ఆపవలయును. కన్నీరు కనబడినపుడు కాగితమును ప్రక్కన బెట్టి బంధువుగా మాటలాడవలయును.

బ్రదికియున్నవారి పుట్టినతేదీ, తల్లి పుట్టింటిపేరు, ఆధార్ సంఖ్య మొదలగునవి అపరిచితుల యెదుట చూపరాదు. బ్యాంకులు రహస్యప్రశ్నలుగా అడుగునవి తరచుగా ఇవియే. దూరపు బంధువునని చెప్పుకొని క్రొత్తవారెవరైన కాల్ చేసినచో, ఇంటి పెద్దలకు తెలిపి, వారు గుర్తించిన పిమ్మటనే మాటలాడవలయును. పోలీసు దుస్తులతో వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్టు' అని బెదరించి ధనము దోచువారిని గురించి 2024లో ప్రభుత్వము ప్రజలను హెచ్చరించెను. అట్టి అరెస్టు మన చట్టములో లేదు. ఈ మాటను విద్యార్థులు తమ యింటి వృద్ధులకు తప్పక చెప్పవలయును. వృద్ధులకు వీడియో కాల్ నేర్పినవారిదే దాని యపాయమును నేర్పు బాధ్యతయు.

తెర యెంత గొప్పదైనను అది చేయిపట్టుకొనజాలదు. దగ్గరనున్న తాతగారి యింటికి నడచిపోగల పిల్లవాడు ఫోనుతో సరిపెట్టుకొనుట తగదు. పోలేని దూరమునకే ఈ సాధనము.

రాబోవు వేసవి సెలవులలో మన విద్యార్థులు చేయదగిన చిన్నపని యొకటి కలదు. ఒక తెల్లకాగితము తీసికొని అడుగున తన పేరును, దానిపైన తలిదండ్రుల పేర్లను, దానిపైన నలుగురు తాతలు అవ్వల పేర్లను, దానిపైన ఎనిమిది గడులు గీసి ముత్తాతలు ముత్తవ్వల పేర్లను వ్రాయవలయును. తెలిసినంతవరకు వ్రాసి, తక్కినవానిని తలిదండ్రుల నడుగవలయును. ఆపైన మిగిలిన గడులలో ఎక్కువభాగము స్త్రీలవే యగుట చూచి ఎవరును ఆశ్చర్యపడరాదు. ఆ గడి నింపగలవారు ఎక్కడనో ఒకచోట, బహుశః ఎనుబదియేండ్ల వయస్సున, ఒంటరిగా కూర్చుండి యుందురు. మొదట ఎవరికి కాల్ చేయవలయునో ఆ ఖాళీ గడియే చెప్పును.